పరమమూల్య సమీకరణములు

బీజగణితము నభ్యసించు విద్యార్థులలో కొందరు పరమమూల్య సమీకరణమును జూచినంతనే యొక్క సమాధానమును వ్రాసి తృప్తి నొందుదురు. మరికొందరు రెండు సమాధానములను వ్రాసి, వానిని సరిచూడక విడుతురు. ఈ రెండు లోపములకును మూల మొక్కటియే. పరమమూల్య మన నేమో చక్కగా గ్రహింపకపోవుట. కావున దానిని గూర్చి యిచ్చట గొంత వివరింప దలచితిమి.

ఒక సంఖ్య సున్నకు ఎంత దూరమున నున్నదో ఆ దూరమే దాని పరమమూల్యము. 5 యొక్కయు, −5 యొక్కయు పరమమూల్యము 5. దూర మెన్నడును ఋణసంఖ్య కాజాలదు. సంఖ్యకు ఇరుప్రక్కల నిలువుగీతలు గీచి దీనిని దెలుపుదురు. ఈ గుర్తును 1841వ సంవత్సరమున జర్మను గణితశాస్త్రజ్ఞుడగు వైయర్‌స్ట్రాస్ వాడెను.

|య − 3| = 5 అను సమీకరణమును దీసికొందము. పాఠశాల ద్వారమును సున్నగా నెంచి, తూర్పు అడుగులను ధనముగను, పడమటి అడుగులను ఋణముగను లెక్కింతము. ద్వారమునకు తూర్పున 3 అడుగుల దూరమున నొక బాలుడు నిలిచియున్నాడు. అదే వరుసలో అతనికి 5 అడుగుల దూరమున అతని మిత్రు డున్నాడు. ఆ మిత్రుడు ద్వారమునకు తూర్పున 8 అడుగుల దూరముననైన నుండవచ్చును, పడమట 2 అడుగుల దూరముననైన నుండవచ్చును. కావున య = 8 లేక −2. య − 3 = 5 అనియు, య − 3 = −5 అనియు రెండుగా విడదీసినను ఈ విలువలే వచ్చును. కుడివైపున 5కు మారుగా −5 ఉన్నచో సమాధానమే లేదు.

కుడివైపునను ‘య’ యున్నప్పుడు మరింత జాగరూకత వలయును. |య − 6| = 2య అనుకొందము. య − 6 = 2య అయినచో య = −6. య − 6 = −2య అయినచో య = 2. మొదటి సమీకరణమున 2 నుంచగా ఇరువైపులను 4 వచ్చును. −6 నుంచగా ఎడమవైపున 12, కుడివైపున −12 వచ్చును. కావున −6 త్యాజ్యము. లెక్కలో తప్పు లేకున్నను ఈ విలువ యేల వచ్చెను? కుడివైపు విలువ ఋణము కాగూడదను నియమము విడదీసిన సమీకరణములలో కానరాదు. దానిని మనమే జ్ఞాపకముంచుకొనవలయును.

విద్యార్థులు ప్రతి విలువను మొదటి సమీకరణమున నుంచి సరిచూతురు గాక. తలిదండ్రులును ఇంటి లెక్కలను జూచునపుడు, ఉత్తరము వచ్చినదా యని మాత్రమే కాక, సరిచూచితివా యనియు నడుగవలయునని మా మనవి.