చెట్టు ఎక్కనివ్వండి, చెరువు దగ్గర చేయి వదలొద్దు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇళ్లల్లో అసర్ నమాజు తర్వాత తరచూ వినిపించే మాట: "ఎక్కకు, పడతావ్!" ఐదేళ్ల పిల్లాడు జామచెట్టు మొదటి కొమ్మ మీద కాలు పెట్టాడో లేదో, అమ్మీ పరుగెత్తుకొస్తుంది. ప్రేమతోనే. కానీ ఆ కొమ్మ ఎత్తు పిల్లాడికి కనిపిస్తోంది, తన పట్టు ఎంతో తానే చూసుకోగలడు. మూత లేని బోరుబావి, కట్టడాల దగ్గర పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, శామీర్‌పేట చెరువు లోతు అలా కాదు. అవి పిల్లల అంచనాకు అందవు. వాటి కాపలా పెద్దలదే.

నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో సాహసపు ఆటలను ఆరు రకాలుగా విడదీశారు. ఎత్తులెక్కడం, వేగంగా పరుగెత్తడం, కుస్తీ అందులోవే. కెనడా పిల్లల వైద్యుల సంఘం కూడా 2024లో ఇలాంటి ఆటలకు వీలివ్వమనే చెప్పింది. భయాన్ని అదుపులో పెట్టుకోవడం పిల్లలకు అక్కడే అలవాటవుతుంది.

సజ్దాలో ఉండగా మనవడు వీపెక్కితే, అతణ్ణి తొందరపెట్టడం ఇష్టం లేక ప్రవక్త (స) సజ్దాను పొడిగించారని నసాయీ హదీసులో ఉంది.

పిల్లల్ని ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టొద్దు. తామే ఎక్కగలిగినంత ఎక్కాలి, తామే దిగాలి. "జాగ్రత్త" అని అరిచే బదులు "తర్వాత కాలు ఎక్కడ పెడతావ్?" అని అడగండి. ఆడపిల్లల్నీ ఎక్కనివ్వాలి, దుపట్టా మాత్రం తీసి పక్కన పెట్టించండి, మెడకు బిగుసుకుంటుంది. మోకాలు గీరుకుంటే సబ్బునీళ్లతో కడగండి. ఐదారేళ్లకు వేసే డీపీటీ బూస్టర్ పడిందో లేదో టీకాల కార్డు ఓసారి చూసుకోండి.