సైలెన్సర్‌కు ముందున్న డబ్బా

పెట్రోలు కారులో ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య, పొగ గొట్టంలోనే బిగించిన స్టీలు డబ్బాను కేటలిటిక్ కన్వర్టర్ అంటారు. కోసి చూస్తే లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. చదరపు అంగుళానికి సుమారు 400 సన్నని రంధ్రాలు, వాటి గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం రేణువులు. అన్నీ కలిపినా కొద్ది గ్రాములే. ఇంజిన్ పొగ ఈ గోడలను రాసుకుంటూ పోయేటప్పుడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ అవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోయి నైట్రోజన్ మిగులుతుంది. ఈ పనంతా జరగాలంటే దిమ్మ 250 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. అందుకే పొద్దున్నే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనే కారు ఎక్కువ మురికిని వదులుతుంది.

ఈ ఆలోచన చట్టాల కన్నా పాతది. 1940లలో లాస్ ఏంజెలెస్‌ను కళ్లు మండించే పొగ కమ్మేది. వాహనాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి దాన్ని పుట్టిస్తున్నాయని 1950ల తొలినాళ్లలో రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ తేల్చారు. ముడిచమురు నుంచి మేలైన పెట్రోలు తీసే ఉత్ప్రేరక పద్ధతిని అంతకుముందే కనిపెట్టిన ఫ్రెంచి ఇంజినీరు యూజీన్ హూడ్రీ, అమెరికాలో ఉంటూ ఆ పొగకు విరుగుడు మీద పడ్డారు. ఆయన చేసిన కన్వర్టర్‌కు 1956లో పేటెంటు వచ్చింది. కారుకు మాత్రం అది పనికిరాలేదు. ఇంజిన్ కొట్టుకోకుండా 1920ల నుంచీ పెట్రోలులో సీసం కలుపుతూ వచ్చారు. ఆ సీసం ఉత్ప్రేరకం మీద పేరుకుని దాన్ని చంపేస్తుంది. హూడ్రీ 1962లో చనిపోయేనాటికి ఆయన పరికరం కార్లలోకి ఎక్కనే లేదు.

దాన్ని కారెక్కించింది 1970 నాటి అమెరికా స్వచ్ఛవాయు చట్టం. 1975 మోడల్ కార్లలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 90 శాతం తగ్గాలని చట్టం చెప్పింది. ఏ పరికరంతో తగ్గించాలో చెప్పకపోవడమే దాని తెలివి. సాధ్యం కాదని కంపెనీలు మొరపెట్టుకుంటే 1973లో ఏడాది గడువు ఇచ్చారు. అయితే మధ్యంతర పరిమితులు పెట్టి మరీ ఇచ్చారు. ఈలోగా కార్నింగ్ సంస్థ పరిశోధకులు వేడికి పగలని పింగాణీ దిమ్మను తయారుచేశారు. 1975 మోడల్ కార్లలో ఎక్కువ భాగం కన్వర్టర్‌తోనే వచ్చాయి.

ఇంధనం మారకపోతే ఇదంతా వృథా. 1974 నుంచి అమెరికాలోని పెద్ద పెట్రోలు బంకుల్లో సీసం లేని పెట్రోలు కూడా అమ్మడం తప్పనిసరి అయింది. కొత్త కార్ల ట్యాంకు మూతిని ఇరుకు చేశారు, సీసం పెట్రోలు పోసే లావుపాటి నాజిల్ అందులో దూరకుండా. సీసం పెట్రోలు చవక కావడంతో మూతిలోని అడ్డును పగలగొట్టి పోయించుకున్నవాళ్లూ ఉన్నారు.

తొలి కన్వర్టర్లు నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి పోలేదు. మూడింటినీ ఒకే దిమ్మలో మార్చే పద్ధతిని ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్ బృందం సాధించింది. చిక్కల్లా గాలి పాళ్లలో ఉంది. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోవు, తక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ కాలదు. పెట్రోలు ఒక పాలైతే గాలి బరువులో 14.7 పాళ్లు ఉండాలి. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి ఇంధనాన్ని క్షణక్షణం సరిచేసే సెన్సర్‌తో 1977 మోడల్ వోల్వో కార్లు ఈ లెక్క నిలబెట్టాయి. డీజిల్ ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎప్పుడూ మిగిలే ఉంటుంది కనుక అక్కడ ఈ పద్ధతి నడవదు. దానికి మసిని పట్టే ఫిల్టరూ, యూరియా ద్రావణమూ కావాలి.

భారతదేశంలో 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసి, సీసం లేని పెట్రోలు అమ్మడం మొదలుపెట్టారు. సీసం పెట్రోలు దేశమంతటా ఆగింది 2000లో. 2010లో వాహనాల పొగకు భారత్ స్టేజ్-4 పరిమితులు వచ్చినప్పుడు అవి వర్తించిన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి; అప్పటికి విజయవాడ, వరంగల్‌లలో కార్లకు స్టేజ్-3 చాలు. అప్పటికి విడిపోని ఒకే రాష్ట్రంలో రెండు రకాల పొగకు అనుమతి ఉన్నట్టే. 2017లో స్టేజ్-4 దేశమంతటికీ వర్తించింది. స్టేజ్-5ను దాటేసి 2020 ఏప్రిల్ 1న నేరుగా స్టేజ్-6 తెచ్చారు. ఉత్ప్రేరకాన్ని గంధకం కూడా దెబ్బతీస్తుంది కాబట్టి ఇంధనంలో దాని పరిమితి పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దిగింది.

కన్వర్టర్ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఆపే డబ్బా ఏదీ కారులో లేదు. దాన్ని తగ్గించాలంటే పెట్రోలు తక్కువ కాలాలి. అందుకు వేరే నిబంధనలున్నాయి: ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు కిలోమీటరుకు 113 గ్రాములు దాటకూడదని 2022-23 నుంచి లెక్క.