మన ఊపిరి లెక్క ఎవరి చేతిలో ఉంది?

నెల్లూరు తీరంలో ఒక రొయ్యల ఫ్యాక్టరీలో కొన్నాళ్లు రిజిస్టరు రాశాను. రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాల్లో ఉండేది అమ్మోనియా. అది గాల్లోకి ఎంత వచ్చిందో గోడమీది మీటరు చూపిస్తుంది. గంటగంటకీ ఆ అంకె రాయడమే నా పని.

ఒకరోజు కళ్లు మండి, దగ్గు తెర కమ్మి, తలలు తీసే షెడ్డులోని ఆడవాళ్లమంతా బయటికి పరుగెత్తాం. అప్పుడు మీటరులో 60 ఉంది. మర్నాడు చూస్తే ఆ పేజీ మారిపోయింది! పొద్దుట్నించి సాయంత్రం దాకా 10, 10, 10.

"ఏందక్కా, నిన్న మనం దగ్గింది అబద్ధమా?" అంది పక్కనున్న అమ్మాయి. ఏం చెప్పను?

పది లక్షల పాళ్ల గాలిలో అమ్మోనియా 25 పాళ్లు మించకూడదన్నది ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు. 300 అయితే ప్రాణానికే ముప్పు. అలాంటి అంకెను దిద్దడమంటే మన ఊపిరి లెక్క దిద్దడమే కదా!

దీనికి విరుగుడుగా చెబుతున్నదే బ్లాక్‌చెయిన్. పేరు విని బెదిరిపోకండి. మన పొదుపు సంఘంలో ఏం చేస్తాం? కట్టిన డబ్బు అందరి ముందూ చదివి, సంఘం పుస్తకంలోనూ, ఎవరి పాసుపుస్తకంలో వాళ్లకీ రాస్తాం. లీడరు తన పుస్తకం ఒక్కటీ దిద్దితే మిగతావి పట్టిస్తాయి. ఇదీ అంతే. సెన్సర్ చూసిన అంకె మనిషి చెయ్యి పడకుండా నేరుగా రిజిస్టరులోకి వెళుతుంది. దాని నకళ్లు యాజమాన్యం, తనిఖీ అధికారి, కార్మిక సంఘం దగ్గర ఒకేసారి చేరతాయి. ప్రతి పేజీకీ వెనకటి పేజీ గుర్తు ముడిపడి ఉంటుంది. ఒకటి మారిస్తే తరవాతి ముడులన్నీ తప్పుతాయి.

అయితే ఒక్క మాట. రాసింది చెరిగిపోకుండా కాపాడుతుందే తప్ప, తప్పుగా కొలిచినదాన్ని ఒప్పు చెయ్యలేదు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకు అడుగునే ఉష్ణోగ్రత కొలిచారనీ, పైభాగంలో వేడి పెరిగిన సంగతి తెలియలేదనీ ప్రభుత్వ కమిటీ తేల్చింది. అడుగు అంకెను ఎన్ని పుస్తకాల్లో రాసినా ఏం లాభం?

అందుకే మీరు పనిచేసే చోట మూడు ప్రశ్నలు అడగండి. మీటరు ఎక్కడ పెట్టారు? అది సరిగా చూపిస్తోందో లేదో చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఆ లెక్క నకలు మన దగ్గర ఎందుకు లేదు?

ఆ రోజు నేను అడగలేకపోయాను. మీరు అడగండి.