ఎక్కించే ద్రవానికి వెచ్చదనం ఎందుకు?

శామీర్‌పేట సమీపాన జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. కండరంలోకి ఇచ్చే మోతాదు అర మిల్లీలీటరే గనుక, దానిని శరీరోష్ణానికి తేవడానికి పదహారు కెలోరీల ఉష్ణం, అంటే కిలోకెలోరీలో సుమారు అరవయ్యో వంతు సరిపోతుంది. అందుచేత టీకాను వేడి చేయవలసిన పని లేదు.

ఆ ప్రాంతానికి దగ్గరగా సాగే నాగపూర్ రహదారిపైనో, కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారిపైనో ప్రమాదానికి గురై నెత్తురు బాగా పోయిన మనిషి విషయంలో లెక్క మారిపోతుంది. రక్తనిధిలో ఎర్ర రక్తకణాల సంచులు 2 నుంచి 6 డిగ్రీల వద్ద ఉంటాయి. అంత చల్లని రక్తం ఒక లీటరు వేగంగా సిరలోకి వెళితే, దానిని 37 డిగ్రీలకు తేవడానికి శరీరం దాదాపు 30 కిలోకెలోరీలు వెచ్చించాలి. 60 కిలోల మనిషి ఒక డిగ్రీ చల్లబడటానికి కోల్పోయే ఉష్ణం సుమారు 50 కిలోకెలోరీలు కాబట్టి, ఆ ఒక్క లీటరే శరీరోష్ణాన్ని అర డిగ్రీకి పైగా తగ్గించగలదు.

శరీరోష్ణం 35 డిగ్రీల కంటే దిగువకు పడిపోయిన స్థితిని అల్పోష్ణత అంటారు. ఈ స్థితిలో రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైములూ, గాయాన్ని మూసే ప్లేట్‌లెట్లూ మందగిస్తాయి. రక్తస్రావం ఆగనందువల్ల మరింత రక్తం ఎక్కించవలసి వస్తుంది, అదీ చల్లనిదైతే గడ్డకట్టే శక్తి ఇంకా సన్నగిల్లుతుంది. దీనికి రక్తంలో ఆమ్లత్వం కూడా తోడైతే రోగిని దక్కించుకోవడం చాలా కష్టం.

ఈ వలయాన్ని తెంచేందుకే ఫ్లూయిడ్ వార్మర్ పుట్టింది. సెలైన్ లేదా రక్తం వెళ్లే గొట్టం మార్గంలో వేడి పలకనో, వెచ్చని నీరు తిరిగే తొడుగునో అమర్చి, ద్రవాన్ని 37 నుంచి 41 డిగ్రీల దాకా వేడి చేస్తారు. హద్దు మీరితే ఎర్రకణాలు పగిలిపోతాయి గనుక ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు, వేడిని తనంతట తానే ఆపే ఏర్పాటు తప్పనిసరి. రక్తపు సంచిని మైక్రోవేవ్‌లో పెట్టడం, వేడినీళ్లలో ముంచడం ప్రమాదకరమనడానికి కారణమూ ఇదే. వేడెక్కిన ద్రవంలోంచి వెలువడే గాలిబుడగలు సిరలోకి చేరకుండా అడ్డుకోవాలి. ప్రవాహం నెమ్మదిగా ఉంటే ద్రవం గొట్టంలోనే తిరిగి చల్లారుతుంది కనుక పరికరం రోగికి వీలైనంత దగ్గరగా ఉండాలి. పలక లోహం సైతం ముఖ్యమే: పూత లేని అల్యూమినియం పలకల నుంచి ఆ లోహం ద్రవంలోకి కరుగుతోందని తేలడంతో 2019లో ఒక రకం పరికరాలను విదేశాల్లో వెనక్కి తీసుకున్నారు.

ఇలాంటి ప్రమాద బాధితులను ఆసుపత్రికి చేర్చే 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. భారీ రక్తస్రావంలో శరీరం చల్లబడటం దారిలోనే ఆరంభమవుతుంది గనుక, ఇటువంటి పరికరం శస్త్రచికిత్స గదికే పరిమితం కాకుండా అంబులెన్సులోనూ ఉండటం అవసరం. అందుకు కావలసిన శక్తి పెద్దదేమీ కాదు: 22 డిగ్రీల వద్ద ఉన్న ఒక లీటరు సెలైన్‌ను 38 డిగ్రీలకు తేవడానికి సుమారు 19 వాట్-గంటల విద్యుత్తు పడుతుంది, అంత విద్యుత్తును ఒక సాధారణ ల్యాప్‌టాప్ బ్యాటరీ సైతం ఇవ్వగలదు.