పేట

జనగామ జిల్లాలోని బచ్చన్నపేట పేరు వినినచో, పేట యనగా మనకు ఊరు. పట్టణములో నైనచో వాడ. (మూడుపేటల గొలుసులోని పేట వేరు, అది వరుస.) కన్నడిగులకు ‘పేటె’ అంగడి వీథి. పేటెకు పోయెద ననిన బెంగుళూరివాడు సరుకులు కొనబోవుచున్నాడన్నమాట. పుణేలో ‘పేఠ్’ మరల వాడయే. బుధవార్, శుక్రవార్ అని వానికి వారముల పేర్లు. తమిళుల ‘పేట్టై’ని ఆంగ్లేయులు ‘పెట్టా’గా గైకొని, కోట వెలుపలి ఊరికి వాడిరి. ఈ ‘వెలుపల’ సామాన్యమైన మాట కాదు. 1791 మార్చి 7న కారన్‌వాలిస్ సేనకు బెంగుళూరు పేటె చిక్కెను; కోట మార్చి 21 వరకు నిలిచెను. మొదటి దెబ్బ వర్తకులకే తగిలెను. కొలంబోలోని ‘పెట్టా’ నేటికిని పెద్ద బజారు. సింహళులు దానినే ‘పిటకొటువ’ యందురు. కోట వెలుపల యని యర్థము.