వీపు మీది వాహనం

మేడ్చల్‌లో తొమ్మిదో తరగతికి న్యూటన్ మూడో సూత్రం చెబుతుంటే, షామీర్‌పేట వైపు ఊరి బావిలో ఈత నేర్చిన అబ్బాయి లేచి అడిగాడు: "సార్, వ్యోమగామి నౌకను వదిలేసి దూరంగా పోతే, ఈదుకుంటూ వెనక్కి రాలేడా?"

రాలేడు. ఈతగాడు నీటిని వెనక్కి నెట్టి ముందుకొస్తాడు. శూన్యంలో నెట్టడానికి ఏముంది? నెట్టే సరుకు కూడా వెంట మోసుకెళ్ళాల్సిందే. 1965లో ఎడ్ వైట్ చేతిలో గ్యాస్ గన్ పట్టుకుని జెమిని-4 నౌక బయట తిరిగాడు. అయితే గన్ తోసే తోపు సరిగ్గా ద్రవ్యరాశి కేంద్రం గుండా పోవాలి. రవ్వంత పక్కకు తప్పినా మనిషి గిర్రున తిరుగుతాడు, ఆపడానికి రాపిడి ఉండదు.

ఆ అబ్బాయిని చక్రాలున్న తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టి పుస్తకాల సంచి విసరమన్నాను. ఛాతీ దగ్గర్నుంచి సూటిగా విసిరితే కుర్చీ వెనక్కి జరిగింది. చెయ్యి బారచాపి పక్కనుంచి విసిరితే చుట్టూ తిరిగింది. క్లాసంతా గొల్లుమంది.

ఈ చిక్కును తేల్చిన చోటు అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్. 6.7 మీటర్ల వ్యాసమున్న దాని లోపలి గదిలో 1973లో వ్యోమగాములు అలెన్ బీన్, జాక్ లౌస్మా ఎం509 అనే యంత్రాన్ని వీపుకు తగిలించుకుని ఎగిరారు. బయటికి పంపకముందే గదిలో పరీక్షించడం నాకెంతో నచ్చిన ఆలోచన: పొరపాటు జరిగితే గోడ ఆపుతుంది. విమానంలో భారరహిత స్థితి అరనిమిషం కూడా దక్కదు, ఇక్కడ తనివితీరా దొరికింది. చేతి గన్నుకూ వీపు యంత్రానికీ అక్కడే పోటీ పెట్టారు. వీపు యంత్రానికి గ్యాస్ చిమ్మే నాజిళ్ళు చట్రం చుట్టూ స్థిరంగా ఉంటాయి, గురి పెట్టే పని మనిషికి లేదు. ఒళ్ళు తిరగడం మొదలైతే గైరోస్కోపు పసిగడుతుంది, ఎదురు దిక్కున తోపు పుట్టి తిరుగుడు ఆగుతుంది. చేతి గన్ ఓడిపోయింది.

ఎం509 పరిశోధనలో పాలుపంచుకున్న బ్రూస్ మెకాండ్లెస్ 1984 ఫిబ్రవరి 7న, ఆ అనుభవంతో తయారైన పెద్ద వీపు యంత్రం తగిలించుకుని, తాడు లేకుండా ఛాలెంజర్ షటిల్ నుంచి సుమారు వంద మీటర్ల దూరం వెళ్ళొచ్చాడు. ఆ పెద్ద యంత్రం మూడు యాత్రలకే పరిమితమైంది. 1994లో దాని చిన్న తమ్ముడు సేఫర్‌ను పరీక్షించారు. నాజిళ్ళు దానికున్నన్నే, 24; నైట్రోజన్ మాత్రం సుమారు 1.4 కిలోలు. విహారానికి కాదు, జారిపోతే తిరిగి రావడానికే. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళిన శ్రీనివాస్ చారి కొడుకు, వ్యోమగామి రాజా చారి 2022 మార్చి 15న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట పనిచేసినప్పుడు వీపున ఉన్నది ఇదే. ఆపదలో మీట నొక్కితే సేఫర్ ముందు మనిషి తిరుగుడును ఆపుతుంది, దారి పట్టడం ఆ తర్వాతే.