కాలినడకన దుబాయి: పేట వెంట పేట

దుబాయి అనగానే మన మారిషస్ వారికి విమానాశ్రయము, బంగారు దుకాణములు, ఆకాశమంత మేడలు గుర్తుకు వస్తాయి. "అక్కడ నడవడానికి ఏమున్నది? అంతా కార్లే కదా!" అని సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా మా బంధువులు అడుగుతూ ఉంటారు. మేము పదకొండు సంవత్సరములుగా ఈ ఊరిలో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాము. మొదటి రెండు సంవత్సరములు మేమూ అలాగే అనుకొన్నాము. ఇల్లు, బడి, సూపరు మార్కెట్టు, మరల ఇల్లు. ఊరిలో ఉన్నామే గాని ఊరు తెలియదు. తరువాత నడక మొదలుపెట్టాము.

ముందుగా ఒక పాత సంగతి చెప్పవలెను. 1867లో మారిషస్‌లో ఒక కూలీ చట్టము వచ్చినది. ఒప్పందము ముగించుకొన్న మన పెద్దలను ఆ రోజులలో "పాత వలసదారులు" అనేవారు. వారు తమ ఫొటో ఉన్న టిక్కెట్టును ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవలెను. తమ జిల్లా విడిచి వేరే జిల్లాలో తగిన కాగితము లేకుండా కనబడితే పోలీసులు పట్టుకొని దిమ్మరి అని కేసు పెట్టేవారు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఐరోపావాడు వారి పక్షమున ఒక అర్జీ తయారుచేశాడు. దాని మీద 9,401 మంది తమ పేర్లు పెట్టారు. ఆ తరువాతనే లండను నుండి రాజ కమిషను వచ్చి విచారణ జరిపినది. అనగా మన ముత్తాతలకు పక్క జిల్లాకు నడిచి వెళ్ళుటే ఒక నేరము. ఈ సంగతి చదివినప్పటి నుండి మాకు నడక అంటే ఒంటికి వ్యాయామము మాత్రమే అని అనిపించదు.

మా పద్ధతి చాలా సులభము. ఒక నడకకు ఒక పేట. మెట్రో రైలు ఎర్ర గీత 2009లోను, ఆకుపచ్చ గీత 2011లోను నడవసాగాయి. ఏదో ఒక స్టేషనులో దిగుతాము. ఫోనును జేబులో పెడతాము. రెండు గంటలు ఆ పేట హద్దు దాటము. ఇరుకు దారి కనబడితే అందులోకి వెళతాము. ఇక్కడ సందును "సిక్కా" అంటారు, పేటను "ఫరీజ్" అంటారు. మన పేట, వాడ, సందు వంటి మాటలే ఇవి. తెలుగు నేర్చుకొన్నట్లే ఊరిని కూడా నేర్చుకోవలెను, ముందు అక్షరములు, తరువాత మాటలు. దుకాణము మీద బోర్డు చదవడము, అడిగి పేరు తెలుసుకోవడము, ఇంటికి వచ్చి నోటు పుస్తకములో వ్రాసుకోవడము, ఇంతే.

కాలము మాత్రము తెలుసుకొని నడవవలెను. నవంబరు నుండి మార్చి వరకు హాయిగా ఉంటుంది. ఎండకాలములో సూర్యుడు దిగిన తరువాతనే బయలుదేరవలెను. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 గంటల వరకు ఎండలో పని చేయించరాదని ఈ దేశములో చట్టమే ఉన్నది. మేము మొదటి సంవత్సరము జూన్ నెలలో, పట్టపగలు, గొప్పగా బయలుదేరాము. అర గంటలో కళ్ళు తిరిగి ఒక చిన్న కిరాణా దుకాణము మెట్ల మీద కూర్చొన్నాము. దుకాణదారు మలయాళీ. ఏమీ అడగకుండా ఒక లబన్ సీసా, అనగా మజ్జిగ, చేతిలో పెట్టాడు. పెద్ద రోడ్లను ఎక్కడపడితే అక్కడ దాటరాదు, జరిమానా ఉన్నది. ఒక్కొక్క చోట ఎదురుగా కనబడే మేడను చేరడానికి కిలోమీటరు చుట్టి రావలెను. ఈ లోటు పెద్దలకూ తెలిసినట్లున్నది. 2040 నాటికి 6,500 కిలోమీటర్ల నడక దారులు ఉండవలెనని 2024 డిసెంబరులో ప్రకటించారు. అంతవరకు మేము పాత పేటలనే నమ్ముకొన్నాము.

పాత పేటలు ఎందుకు నడకకు అనువుగా ఉన్నాయంటే, అవి కారు రాక ముందు పుట్టినవి గనుక. సముద్రపు నీరు ఒక పాయగా ఊరిలోకి వచ్చినది, దీనిని "ఖోర్" అంటారు. ఒక ఒడ్డున దేరా, మరొక ఒడ్డున బర్ దుబాయి. వంతెన 1963లో వచ్చినది. అంతకు ముందు దాటాలంటే పడవే. ఆ పడవను అబ్రా అంటారు. ఇప్పటికీ ఇరవై మంది ఎక్కుతారు, ఒక దిర్హాము ఇస్తే చాలు. చమురు 1966లో దొరికినది, ఎమిరేట్లు కలిసి ఒక దేశమైనది 1971 డిసెంబరు 2న. ఆ పాయ బ్రతుకు అంతకంటె చాలా పాతది. 1966 వరకు ఇక్కడి అంగళ్ళలో చెల్లినది రూపాయే అని చెబితే మా విద్యార్థులు నమ్మరు.

దేరాలో అల్ రాస్ పేట నుండి మొదలుపెట్టండి. మసాలా అంగడి వాసన దారి చూపుతుంది. పసుపు, ఏలకులు, ఎండు నిమ్మకాయలు బస్తాలలో తెరిచి ఉంటాయి. వెనుక సందులో అల్ అహ్మదీయ పాఠశాల ఉన్నది. 1912లో ముత్యాల వర్తకుడైన షేక్ అహ్మద్ బిన్ దల్మూక్ పేరున ఏర్పడిన బడి ఇది. దుబాయిలో పద్ధతి ప్రకారము నడిచిన మొదటి బడి ఇదే అంటారు. ఉపాధ్యాయులము గనుక ఆ గోడ దగ్గర కాసేపు నిలబడకుండా రాలేము.

అబ్రా ఎక్కి అవతలి ఒడ్డుకు వెళితే బస్తకీయ. ఇప్పుడు దీనికి అల్ ఫహీదీ చారిత్రక పేట అని పేరు. ఇరాను దక్షిణమున బస్తక్ అను ఊరి నుండి వర్తకులు వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టారు. అవతల లింగే రేవులో సుంకములు పెరిగినవి, ఇక్కడి పాలకులు సుంకము తగ్గించి వర్తకులను రమ్మన్నారు. అందుకని వచ్చారు. ఇళ్ళ మీద చతురస్రముగా గాలి బురుజులు ఉంటాయి. నాలుగు వైపులా తెరిచి ఉండి, లోపల అడ్డగోడలు ఉండడము వలన ఏ దిక్కు నుండి గాలి వీచినా క్రింది గదిలోకి దింపుతాయి. విద్యుత్తు లేని రోజులలో ఇదే చల్లదనము. గోడలు సముద్రపు పగడపు రాయితో కట్టినవి. పైకప్పు దూలములు తూర్పు ఆఫ్రికా నుండి ఓడలలో తెచ్చిన మడ కర్రలు. ఆ కర్ర పొడవును బట్టే గది వెడల్పు, అందుకే గదులన్నీ ఇరుకు. మడ చెట్టు అనగానే మాకు కోరంగి గుర్తుకు వస్తుంది. మన పెద్దలలో చాలా మంది ఓడ ఎక్కిన ఆ గోదావరి రేవు చుట్టూ ఉన్నవి మడ అడవులే. మారిషస్‌లో మనలను "కోరంగీలు" అని పిలిచినది ఆ రేవు పేరు మీదుగానే గదా.

1980లలో ఈ పేటలో సగము పడగొట్టేశారు. మిగిలిన సగమును 1989లో బ్రిటిషు యువరాజు చార్లెస్ వచ్చి చూచి, కాపాడమని చెప్పడము కూడా అది నిలవడానికి తోడ్పడినది. పడగొట్టిన సగములో ఎవరి ఇళ్ళు ఉండేవో అడిగితే చెప్పేవారు ఇప్పుడు అరుదు.

దగ్గరలోనే పెద్ద మసీదు వెనుక ఒక సన్నని సందు ఉన్నది. 2024 జనవరి వరకు అక్కడ శివాలయము ఉండేది. ఇప్పుడు జెబెల్ అలీలో 2022లో తెరిచిన కొత్త ఆలయమునకు పూజలు మారినవి. కొత్తది విశాలముగా, అందముగా ఉన్నది, కాదనము. కాని పాత సందులో మసీదు పిలుపు వింటూ మల్లెపూలు కొనుక్కొని మెట్లు ఎక్కడములో ఒక రుచి ఉండేది. కరామా, సత్వా పేటలను గురించి ఇక్కడ క్లుప్తముగానే చెబుతాము. కరామాలో ఆంధ్ర భోజనము దొరుకుతుంది, గోంగూరతో సహా. సత్వాలో దర్జీలు ఉన్నారు. 2008లో ఆ పేటలో కొంత భాగమును పెద్ద మేడల కోసము తీసివేశారు.

మాకు అన్నిటికంటె ముఖ్యమైన పేట బనియాస్ స్క్వేర్. పాతవారు ఇంకా నాసర్ స్క్వేర్ అనే అంటారు. అక్కడ ఆదివారము సాయంకాలము మన భాష వినబడుతుంది. 2022 వరకు శుక్రవారమే సెలవు. వారపు సెలవులు మారిన తరువాత చాలా మందికి ఆదివారము విశ్రాంతి. సోనాపూర్, అల్ కోజ్ కాంపుల నుండి కూలీలు బస్సులలో వచ్చి డబ్బు పంపుకొంటారు, టీ త్రాగుతారు, ఊరివారిని కలుసుకొంటారు. "కాంపు" అనే మాట మొదటిసారి వారి నోట విన్నప్పుడు మేము ఉలిక్కిపడ్డాము. మారిషస్ తోటలలో మన పెద్దలు ఉన్న వరుస ఇళ్ళనూ కాంపు అనే అంటాము కదా. రెండూ ఒకటే అని మేము అనము. వీరు కాలము తీరితే విమానము ఎక్కి ఇంటికి వెళ్ళగలరు, ప్రతి రాత్రి ఫోనులో పిల్లల ముఖము చూడగలరు. అయినా ఆ మాట మాత్రము ఒకటే.

జగిత్యాల నుండి వచ్చిన ఒక తాపీ మేస్త్రీ మా మాట విని నవ్వాడు.

"సార్, మీరు పుస్తకం చదివినట్టు మాట్లాడుతున్నరు. మీది ఏ జిల్లా?"

మారిషస్ అన్నాము.

"గది యాడున్నది సార్? మరి తెలుగు ఎట్లొచ్చె?"

గుడి పక్కన సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్నామని చెప్పాము. ఆయన చాలాసేపు మా వైపు చూచి, "జిల్లా లేకుంట తెలుగేంది సార్" అన్నాడు. తప్పు పట్టి అనలేదు, నిజముగానే ఆశ్చర్యము. మాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు భద్రపరచి ఉన్నాయి. తరువాతి సెలవులలో అక్కడికి వెళ్ళి మా ముత్తాత నంబరుతో వెతికించాము. పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా విశాఖపట్టణము అని ఉన్నాయి. ఊరి పేరును గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాశాడు. మొదటి అక్షరముల మీద సిరా పాకిపోయినది. చివర "పేట" అని మాత్రము తెలుస్తున్నది. ఆ కాగితపు నకలు ఇప్పుడు మా నోటు పుస్తకములో ఉంటుంది. ఆదివారము నడక ఎక్కడ మొదలుపెట్టినా నాసర్ స్క్వేరులోనే ముగిస్తాము. శ్రీకాకుళము, విజయనగరము వైపు మాట వినబడితే ఆగి కాగితము చూపిస్తాము.

క్రిందటి వారము ఒక శ్రీకాకుళము యువకుడు దానిని దీపము క్రింద పెట్టి అటూ ఇటూ త్రిప్పి చూచాడు. "పేటలు మా వైపు శానా ఉన్నాయండి మాస్టారూ. ఇది 'బ' అవ్వొచ్చు, 'వ' కూడా అవ్వొచ్చు" అన్నాడు. తన గదిలో టెక్కలి వైపు పెద్దాయన ఒకరున్నారట, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయనకు తెలుసునట. వచ్చే ఆదివారము అయిదు గంటలకు, మెట్రో మెట్ల దగ్గర ఉండమన్నాడు.